ఎండలో పెట్టిన దోనె

మావా, నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. అబ్బాయికి సెలవు దొరకగానే ఊరెళ్లి, ఇక్కడ మా దగ్గరున్న నీ అస్థికలను నీ తాటిదోనెలోనే కొల్లేరు ఈ దరి నుంచి ఆ దరి దాకా తిప్పి కలుపుదామనుకున్నాం. దారిలో ఏ లంకలో ఆగి అన్నం వండుకోవాలో కూడా అబ్బాయీ నేనూ అనేసుకున్నాం. ఇవాళ బహ్రెయిన్‌లోని ఈ ఈసా టౌన్ నుంచి మీ తమ్ముడికి ఫోను చేశాం.

"నీళ్లలో నానిపోతోందని గట్టున ఎండలో పెట్టాను వదినా, నిలువునా చీలింది" అన్నాడు.

"బస్తీ కాపురం పెట్టి, దోనెను ముంచి ఉంచాలన్నదీ మర్చిపోయావా?" అని తిట్టిపోశాను.

"మోటారు పడవ మాట్లాడదామమ్మా" అంటాడు అబ్బాయి. ఆ చప్పుడుకి కొంగలు లేచిపోతాయని బతికినన్నాళ్లూ నువ్వు ఎక్కలేదు. నీ తరఫున నేనే వద్దన్నాను. అలాగని ఈ బహ్రెయిన్ ఉప్పునీళ్లలో నిన్నెలా వదలను, మావా?