తొందరపడ్డ కంప్యూటర్

మంథని

చి. మేనకోడలు తిరుమలకు శ్యాంసుందర్ మామ ఆశీస్సులు.

నా శుభలేఖల షాపులో పాత కంప్యూటర్‌కు విండోస్ తీసేసి తేలికపాటి లైనక్స్ వేసిపోయావు కదా, దాని సంగతి రాస్తున్నాను. ఇదివరకు మీట నొక్కి, తెర తెరుచుకునేలోపు వచ్చినవాళ్లు చాయ్ తాగి, కార్డులో ఎవరి పేరుండాలో కొట్లాడుకుని, రాజీకొచ్చేవాళ్లు. ఇప్పుడు వాళ్లు కూర్చోకముందే తెర సిద్ధం. గర్వంకొద్దీ నేనూ టకటకా కొట్టి అచ్చు తీసేస్తున్నాను. నిన్న ఒకాయన "మా చిన్నాయిన పేరేది?" అని కార్డుల కట్ట బల్లమీద పడేసి పోయాడు. దీన్ని జర నెమ్మది చేసే ఉపాయం రాయి.

నీ మామ

తా.క.: ఫోన్ చేద్దామంటే బావ, అదే మీ బాపు, స్పీకర్ పెట్టి వాడకట్టంతా వినిపిస్తాడు. అందుకే ఉత్తరం.

*

చెన్నూరు

మామయ్యకు తిరుమల నమస్కారాలు.

"నెమ్మది చేసే ఉపాయం" అని వెటకారమాడావంటే అది ఎంత మొరాయిస్తుందో అర్థమైంది. కంప్యూటర్‌తోపాటు మొదలయ్యే ప్రోగ్రాములకు టిక్కులు తీసేయి, పరుగెడుతుంది. నీ బిడ్డ నవ్యశ్రీ పెళ్లి కార్డు కోసం బాపు ఎదురుచూస్తున్నాడు. మా పెదనాన్న బిడ్డ పెళ్లి కార్డులో తన పేరు అడుగున వేశారని ఆ పెళ్లికే పోలేదు. జాగ్రత్త.

నీ కోడలు

తా.క.: పెళ్లికూతురి మేనత్తనని మీ అక్క, అదే మా అవ్వ, ఇప్పటినుంచే నడక మార్చింది.

*

మంథని

కోడలు పిల్లకు,

నేను వెటకారమాడలేదు. నువ్వు చెప్పినట్టు చేస్తే అది ఇంకా ఉరకడం మొదలుపెట్టింది. దాని వెంట నేనూ ఉరికి నవ్య కార్డు కొట్టాను. మీ బాపుకు భయపడి వినాయకుడి కిందనే "హనుమండ్లు" అని ఆయన పేరు పెద్ద అక్షరాల్లో వేశాను. పోయిన తాతల పేర్లు కూడా మరువలేదు. కార్డులన్నీ పంచేశాక చూస్తే బావ ఫోన్ ఎత్తడం లేదు. అక్షరాలు ఇంకా పెద్దగా ఉండాల్సిందా? బావ రాకపోతే అక్క రాదు, మేనత్త లేకుండా నా బిడ్డ పెళ్లి ఎట్లా జరుగుతుంది? ఊరందరి కార్డులు వేసే నేను సొంత బిడ్డ కార్డుతోనే బావను పోగొట్టుకున్నాను. చాలా భయంగా ఉంది.

మీ మామ

తా.క.: మీ అత్తమ్మ అంటున్నది, "కంప్యూటర్ బాగైంది, నువ్వెప్పుడు బాగైతవ్?"

*

చెన్నూరు

మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. కార్డు నా ముందు పెట్టి అన్నాడు: "నా పేరు గింత పెద్దగ ఏసిండు. పిల్ల తండ్రి పేరేది? మీ బామ్మర్ది ఉన్నడా పోయిండా అని అందరు నన్నే అడుగుతుండ్రు. నా బామ్మర్ది పేరు లేని పెండ్లికి నేనెట్ల పోవాలె?"

నిజమే మామా. అత్తమ్మ పేరుంది, నీది లేదు. అనుమానమొచ్చి స్వర్గీయుల వరుసలో కూడా వెతికాను, అక్కడా నువ్వు లేవు. బాపు రెండు రోజులనుంచి సరిగా అన్నం తినడం లేదు. రేపు పొద్దున బస్సుకు మంథని వస్తున్నాడు. కార్డు మళ్లీ కొట్టేటప్పుడు నీ పక్కన కూర్చుంటాడట.

నీ కోడలు తిరుమల

తా.క.: నీ పేరు తన పేరుకంటే పెద్దగా ఉండాలట. చిన్నగా ఉంటే పెళ్లికి రాడట.