లెన్సు లేని కెమెరా

నాన్నగారికి నమస్కారాలు, నేను కులాసా.

మొదటి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొన్నాను. ఇంకా తేలికైనవి ఉన్నా, మీ పాత లెన్సులు పట్టే రకమే ఎంచుకున్నాను. "లెన్సుతో కలిపి తీసుకోండి మేడమ్, చవకలో వస్తుంది" అని కొట్టతను చెవినిల్లు కట్టుకుని పోరాడు. "మా నాన్నగారివి ఉన్నాయండీ, నాకే ఇస్తానన్నారు" అని అతని నోరు మూయించి, ఉత్త కెమెరాతో తిరిగివచ్చాను. గదిలో మీ ఉత్తరం ఎదురైంది: ఆడపిల్లకు అంత బరువెందుకని లెన్సులు బావగారికి ఇచ్చేశారట! కెమెరాయే లేని మనిషి వాటిని అద్దాల బీరువాలో పెట్టుకోవడం తప్ప ఏం చేస్తారు? కవరు మాని కార్డు రాస్తున్నది ఆయన కూడా చదవాలనే.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? అక్కను అడిగానని చెప్పండి. లెన్సులు వెనక్కి తీసుకుని పంపండి. వాటికి బదులు ఆశీస్సులు పంపకండి. అవి ఈ కెమెరాకు బిగవవు.

మీ చిన్నమ్మాయి