పైన చోటు

పడవ కచేరీ గుమాస్తా గారికి నమస్కారాలు.

ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న పాత కోట ఊరు చూసి రమ్మని మా అమ్మాయి నాకు మీ పడవ టికెట్టు తీసింది. మా అబ్బాయి తాపీమేస్త్రి. ఆ కోట గోడకి మరమ్మతు చేశాడు. వచ్చి చూడమ్మా అనేవాడు. కిందటేడు జ్వరం వచ్చి పోయాడు. వాడు కట్టిన గోడ ఒక్కసారి తడిమి రావాలి. కానీ నీళ్ళంటే నాకు ప్రాణభయం. బిందెలో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతాయి. నాకేం ఏర్పాటు చేశారో రాయండి.

ఇట్లు,
మేస్త్రి వాళ్ళమ్మ

తా.క. పడవకి అడుగున చిల్లుందేమో చూడండి. మరోలా అనుకోకండి. మా బకెట్టు కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది.

* * *

గౌరవనీయులైన అమ్మగారికి,

భయపడవలసిన పని లేదు. తమరి వయసు దృష్ట్యా పైన చోటు ఖాయం చేశాము. పైకి వెళ్ళినవారెవరూ తిరిగి కిందికి రావడానికి ఇష్టపడరు. తమరు నడవలేకపోతే మావాళ్ళు నలుగురు మోసుకెళ్తారు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. పైన తమరి పక్కన ఇంకెవరైనా కావాలంటే ముందుగా తెలియజేయండి.

* * *

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నేను చచ్చిపోయాననే ఉంది. అప్పట్నుంచి మంచం ఎక్కినా పడవ ఊగినట్టే ఉంటోంది. పైన నాకు చోటుందని నాకూ తెలుసు, మావాడు అక్కడే ఉన్నాడు. కానీ వాడి దగ్గరికి వెళ్ళగానే, "గోడ ఎలా ఉందమ్మా?" అని అడుగుతాడు. చూడకుండా ఏం చెప్పను? ఆ నలుగుర్నీ కాస్త ఆపండి.

ఇట్లు,
ఇంకా కిందే ఉన్న మేస్త్రి వాళ్ళమ్మ

తా.క. పక్కకి మా ఆడపడుచుని పంపమంటారా? పోతాను పోతాను అని ఎప్పట్నుంచో అంటోంది.

* * *

అమ్మగారికి,

ఘోరం జరిగిపోయింది. పైన అంటే పడవకి మేడమీద. గాలి బాగా తగులుతుంది. నలుగురు అంటే కుర్చీ మోసే కూలీలు. పడవలో భయమన్నది లేదు, ఏళ్ళ తరబడి అందరికీ ఇదే రాస్తున్నాను. నేనే రేవుకి వచ్చి, చెయ్యి పట్టి ఎక్కిస్తాను.

క్షమార్హుడు,
గుమాస్తా

తా.క. ఆడపడుచు గారికి టికెట్టు విడిగా తీసుకోవాలి. రానూ పోనూ.

* * *

నాయనా గుమాస్తా,

నేను క్షేమంగా ఇల్లు చేరాను. పడవెక్కే పలక మీద కాలు పెట్టగానే చెయ్యి వణికితే నాదే అనుకున్నాను, తీరా చూస్తే నీది. "నేనెప్పుడూ ఎక్కలేదమ్మా, రాయడమే," అన్నావు. అంతలో పలక తీసేశారు. ఇక దారంతా నా కొంగు వదల్లేదు నువ్వు. నిన్ను పట్టుకోవడంతోనే సరిపోయింది, నీళ్ళకేసి చూడ్డానికి నాకు తీరికేదీ?

గోడ తడిమాను. పాత రాళ్ళకీ కొత్త రాళ్ళకీ మధ్య సున్నం గట్టిగా పట్టింది. మావాడు పని బాగా చేశాడు. ఏడ్చాను. నువ్వూ ఏడ్చావు, మావాడి కోసమో తిరుగు పడవ గుర్తొచ్చో నేనడగలేదు. ఆ ఊరికి పడవ తప్ప వేరే దారి లేదని తెలిసీ, నువ్వు ఎక్కనని అక్కడే కూలబడిపోయావు. నేను కళ్ళు మూసుకుని ఒక్కదాన్నే తిరిగొచ్చాను.

ఆదివారం పడవకి వస్తున్నాను నిన్ను తీసుకురావడానికి. కళ్ళు మూసుకో చాలు, చెయ్యి నేను పట్టుకుంటాను.

ఇట్లు,
అమ్మ

తా.క. అంతదాకా ఆ గోడ దగ్గరే కూర్చో. కూలదు. మావాడు కట్టింది.