పంపులో ముందు పోయాల్సిన నీళ్లు

సులోచనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజైనా ఎవరితోనూ పోట్లాడకూడదనుకున్నాను, కుదరలేదు.

పెద్దపల్లి పక్క ఊళ్లో, నీ దగ్గర అక్షరాలు దిద్దుకున్న రాజవ్వ, తన బావికి కొత్త ఆయిలింజను, పంపు పెట్టించింది. వ్యవసాయ ఆఫీసు కరపత్రం తానే చదివి, అందులో ఉన్నట్టే నడిపించింది. ఇంజను నడిచింది కానీ చుక్క నీరు రాలేదు. పూజలో లోపమేమోనని రెండో కొబ్బరికాయ కూడా కొట్టారు. మడి నెర్రెలు విచ్చుతోంది.

"పంతులమ్మ చెప్పిన సదువు నాకు రానట్టుంది సారూ. నేనే తప్పు సదివిన" అంది.

నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆ కరపత్రం రాసిన ఆఫీసరును పట్టుకున్నాను.

"మేం నడిపి చూసినంకనే రాసినం" అన్నాడు.

చూశారు, నిజమే. కానీ అడిగితే తేలింది, వాళ్ల పంపులో అంతకు ముందురోజు నడిపిన నీళ్లు మిగిలే ఉన్నాయి! తెలిసినవాడికి నడిస్తే చాలదయ్యా, కొత్తవాళ్లకూ నడవాలి కదా అని వాదించి, రాజవ్వ బావి దగ్గరికే లాక్కొచ్చాను.

రాజవ్వ ఊరుకోలేదు. "సారూ, మీ కాయిదం ఇంజనుకు సమజైంది గని, నీళ్లకు జర సమజు కాలే!"

ఆఫీసరు నవ్వుతూనే పంపు మూత విప్పాడు. లోపల ఎండి ఉంది. బిందెతో నీళ్లు పోసి ఇంజను తిప్పితే, కాలువ నిండింది. అక్కడే నేను చెబుతుంటే రాశాడు: "ఇంజను తిప్పకముందు పంపు నిండా నీళ్లు పోయాలి. ఎండిన పంపు బావి నీటిని లాగలేదు."

ఆ కాగితాన్ని రాజవ్వ వేలు పెట్టి, ఇంజను చప్పుడును మించి గట్టిగా చదివింది. ఒక్క అక్షరం తడబడలేదు.

నువ్వు వినాల్సింది.