కింది వరసలో నేను

ఆగస్టు 6

కమలాకర్ నడుం పట్టేసింది. శ్రావణం మొదలైతే నెల్లాళ్ళు మటన్, మందు ఉండవని ఆదివారం రెండూ పీకలదాకా పట్టించి, గదికో కుటుంబం ఉండే మా చాల్ వరండాలో డాన్స్ చేసి పడ్డాడు. నాకేం సంబంధం అనుకున్నాను. ఉందట. కృష్ణాష్టమి పండక్కి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి ఉట్టి కొట్టే మా జట్టులో కింది వరస నుంచి ఒక మనిషి తగ్గాడు. కోచ్ బాళాదాదా మా గుమ్మంలో నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, బుర్ర సంగతి తర్వాత సుహాస్, నీకు భుజాలున్నాయి, అవి చాలు అన్నాడు.

ముప్పై ఆరేళ్ళలో నా గురించి ఎవరైనా ‘చాలు’ అనడం ఇదే మొదలు. మంజిరి మొహం అటు తిప్పుకుని చపాతీలు ఒత్తింది. నా భార్య నవ్వు వీపు మీద కూడా కనిపిస్తుంది.

ఆగస్టు 8

నా భుజాల మీద నిలబడాల్సింది మంజిరి తమ్ముడు రూపేశ్ అట. నిరుడు కింద ఉన్నవాడు కదిలితే రూపేశ్ పడి, మెడ దగ్గర ఎముక విరిగింది. అందరి ముందూ చెప్పేశాడు: ఆయన మీదైతే నేనెక్కను, కావాలంటే కరెంటు స్తంభం ఎక్కుతాను.

ఎందుకురా అంటే నా లిఫ్టు కథ చెప్పాడు. కథ నిజమే. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. జూన్‌లో మా ఆఫీసు లిఫ్టులో నేనే ఇరుక్కున్నాను. గోడ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. అది నా టేబుల్ మీదే మోగింది. ఎంతసేపు మోగిందో నాకే తెలుసు, లోపల్నుంచి వినపడుతూనే ఉంది.

చాల్ అంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఆగస్టు 11

ప్రాక్టీస్‌లో నా మీద రూపేశ్ బదులు సిమెంటు బస్తా పెట్టారు. బస్తాకి అభ్యంతరం లేదు.

ఆగస్టు 15

కింద ఉన్నవాడికి ఒకటే రూలు: తల ఎత్తకూడదు, ఎత్తితే భుజాలు కదులుతాయి. ఇవాళ రూపేశ్ సణుక్కుంటూ ఎక్కాడు. పై వరండా నుంచి మంజిరి జాగ్రత్త అని అరిచింది. నేను తల ఎత్తి, సరే అన్నాను.

రూపేశ్ దూకేశాడు కాబట్టి మోకాలి చర్మం మాత్రమే లేచింది. అత్తగారు దిగి వచ్చారు. పిల్లని ఎలాగూ నీ చేతుల్లో పెట్టాం నాయనా, పిల్లాణ్ణి కూడా నీ నెత్తిన పెట్టాలా అన్నారు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ పని అరగంట ముందు చేసుంటే ఎంత బాగుండేది.

ఆగస్టు 16

మానేస్తానన్నాను. కమలాకర్ లేచి నడిస్తే మానెయ్ అన్నాడు బాళాదాదా. వెళ్ళి చూశాను. కమలాకర్ బోర్లా పడుకుని సీరియల్ చూస్తున్నాడు.

ఆగస్టు 22

నువ్వెక్కకపోతే పైన ఎవరూ ఉండరు, చాల్ మొత్తం ఇంట్లో కూర్చుని చెకోడీలు తింటుంది అని బాళాదాదా తిడితే రూపేశ్ ఎక్కాడు. నాతో మాత్రం మాట్లాడలేదు.

ఇవాళ ఏం జరిగిందో ఎలా రాయాలో తెలియడం లేదు. గుండ్రంగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకుని తలలు వంచాం. వెనకనుంచి మగాళ్ళంతా వచ్చి ఒత్తారు. కుళాయి దగ్గర గొడవపడి సావంత్, పాట్కర్ మాట్లాడుకుని ఏళ్ళయింది. ఇవాళ వాళ్ళ చెంపలు అతుక్కుపోయి ఉన్నాయి. సావంత్ వదిలిన ఊపిరి పాట్కర్ పీలుస్తున్నాడు.

మా మీద ఒక వరస, దాని మీద ఇంకొకటి. ఎక్కడో పైన ఎవరో కాలు మార్చుకున్నారు. అది నా కాలి బొటనవేలికి తెలిసింది! అంత పెద్ద ప్రాణి ఏదో మా చాల్ నడిమధ్యలో లేచి నిలబడి ఊపిరి తీసుకుంటోంది. అందులో నేనొక ఎముకని.

ఆగస్టు 26

పడితే వాడు నీ మీదే పడతాడులే, మెత్తగానే ఉంటుంది అంది మంజిరి. లైటు ఆర్పి, ఇద్దరూ నావాళ్ళే, ఎవరికేమైనా ఏడ్చేది నేనే అంది. నాకు చాలా భయంగా ఉంది.

ఆగస్టు 27, సాయంత్రం

ఉట్టి కొట్టాం. నేను చూడలేదు. నేను చూసిందల్లా ఎదురుగా పాట్కర్ మెడ మీద పులిపిరి, దాన్ని చుట్టుకుని జారిన వాన నీళ్ళు.

మొదటిసారి నాలుగో వరసలో ఎవరో జారితే అందరూ దిగిపోయారు. రెండోసారి రూపేశ్ ఎక్కి నిలబడ్డాడు. వాడి మీద ఇంకొకడు ఎక్కుతున్నాడు. అప్పుడు నా భుజానికి తెలిసింది. రూపేశ్ మోకాలు వణుకుతోంది.

చాల్‌లో ఎవరికీ భయపడనివాడు రూపేశ్. వాడు భయపడుతున్నాడని ఆ జనంలో నాకొక్కడికే తెలుసు. వణుకు పెరుగుతోంది. తల ఎత్తకూడదు. చేతులు కదపకూడదు. ధైర్యం చెబుదామంటే ఒక్క మంచి మాట గుర్తు రాలేదు. పొద్దున్న ఏం తిన్నావురా అని అడిగాను.

మళ్ళీ అడిగాను. అటుకుల పోహే అన్నాడు. అమ్మ ఉల్లిపాయ వేసిందా అన్నాను. శ్రావణంలో ఉల్లిపాయేంటి బావా, బుర్రుందా నీకు అని విరుచుకుపడ్డాడు.

బావా అన్నాడు. పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో అనలేదు. పాట్కర్ పులిపిరి నవ్వింది, ఒట్టు.

మోకాలు ఆగిపోయింది. బరువు నిటారుగా నాలోకి దిగి, మడమల్లోంచి రోడ్డులోకి పోయింది. నేను మోస్తున్నట్టే లేదు. అంత మంది ప్రాణాలు, అంత నిశ్శబ్దం, అదంతా నా మీదుగా నేలని తాకుతోంది. దేవుడి గుళ్ళో కూడా నేనెప్పుడూ అంత బుద్ధిగా నిలబడలేదు. ఎంతసేపు ఉంచినా ఉంటాననిపించింది. తర్వాత ఠప్పుమని కుండ పగిలిన చప్పుడు, మెడ మీద చల్లగా పెరుగు.

రూపేశ్ దూకలేదు. ఒక్కొక్క పాదమే తీసి, నెమ్మదిగా దిగాడు. నేనింకా తల ఎత్తలేదు. అయిపోయింది, ఇంక చూడొచ్చు అని బాళాదాదా నా గడ్డం పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఆగస్టు 29

కుడి భుజం మీద రూపేశ్ కాలి వేళ్ళు ఐదూ నీలంగా అచ్చు పడ్డాయి. మంజిరి మందు రాస్తానంది. రాస్తే తగ్గిపోతుంది, వద్దన్నాను.