కూడలి విగ్రహానికి మా చిన్నవాడి ముఖం

సైనిక సంక్షేమ అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అమరుడైన మా పెద్దకుమారుని విగ్రహమునకు బతికియున్న చిన్నకుమారుని ముఖము పడుట, దానిని సరిచేయించమని కోరుట గురించి.

కూడలిలో సెలూన్ నడుపుకొను నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. యుద్ధంలో మా పెద్దవాడు గాయపడిన తోటివారిని భుజాన మోసుకొచ్చి, మిగిలిన ఒక్కని కొరకు మళ్లీ వెళ్లి మరణించినాడు. వాడి భుజాన బతికి బయటపడిన సైనికుడొకడు మా సెలూన్‌కు వచ్చి, "దారంతా నన్ను తిడుతూనే మోశాడండీ. ‘ఏం తింటావురా, ఇంత బరువున్నావ్’ అన్నాడు" అని చెప్పి ఏడ్చినాడు. సందేహం లేదు, మావాడే. విగ్రహం పెట్టించినందుకు తమకు కృతజ్ఞులము.

2. అయితే ఫొటో మసకగా ఉన్నదని, శిల్పిగారు భుజాల కొలతకని చెప్పి చిన్నవాడిని కూర్చోబెట్టుకొన్నారు. తీరా ముసుగు తీసేసరికి ముఖం కూడా చిన్నవాడిదే. పెద్దవాడికి ఎడమ చెవి కాస్త ముందుకు ఉండును. తలలో రెండు సుడులు. క్రాపు చేసినప్పుడల్లా, ఇద్దరు పెళ్లాలొస్తారురా అని ఆటపట్టించేవాణ్ణి. ఒక్కతె కూడా రాలేదండీ.

3. సదరు విగ్రహం నా సెలూన్ అద్దంలో కనబడును. పక్క కుర్చీ దగ్గరే చిన్నవాడు గడ్డాలు గీయుచుండును. వచ్చినవారు అద్దంలోకీ, వాడి వంకా చూసి, "అచ్చు నువ్వేరా! మరి నువ్వెప్పుడు వెళ్తున్నావ్?" అంటున్నారు. మొదట్లో నవ్వి ఊరుకొనేవాడు. పోయిన వారం తమ కార్యాలయానికి వెళ్లి, తానూ సైన్యంలో చేరతానని పేరు ఇచ్చి వచ్చినాడు.

4. నా భార్య కూడలి దాటడం మానేసింది. "బతికున్న బిడ్డ మెడలో ఆ దండలేంటి? నేను చూడలేను" అంటోంది. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. నాకూ భయంగానే ఉందయ్యా.

కావున శిల్పిగారిని ఒకసారి సెలూన్‌కు పంపవలెను. పెద్దవాడి తల నా చేతులకు తెలుసు, పక్కన కూర్చుని చెప్పెదను. ఆ ముఖం మారేవరకైనా చిన్నవాడిని పిలవకుండా ఆపవలెను.

ఈ మొర చిత్తగించి దయచూడవలెను.

తమ విధేయుడు,
ఇద్దరు కొడుకుల తండ్రి,
కూడలి సెలూన్

తా.క.: చిన్నవాణ్ణి కూడా తీసుకోక తప్పదంటే, ముఖం మార్చే శ్రమ పెట్టుకోకండి. కింద రెండో పేరుకు కాస్త చోటు ఉంచండి చాలు. ఇంకో విగ్రహం అడగం.