లచ్చిరాం బాపు చేతులు

జూలై 7
వానకు బస్సు ఆలస్యం. జనగామలో దిగి థెరపీ సెంటర్‌కు పరుగు. కొత్త పేషెంటు కమ్లి — మహబూబాబాద్ అవతల తండా. పక్షవాతం, కుడివైపు. నడక కొంత తిరిగొచ్చింది. చెయ్యే మొండికేసింది.
మొదటి రోజు అందరినీ అడిగేదే అడిగాను. ఏం చెయ్యాలనుంది?
"బాటి జెయ్యాలె." మాట ఇంకా ముద్దగానే ఉంది. బాటి అంటే జొన్నరొట్టె అని పక్కనుంచి ఆమె భర్త లచ్చిరాం బాపు చెప్పాడు. సాయంత్రాలు రోడ్డు పక్కన పొయ్యి పెట్టి అమ్మేదట.

జూలై 10
వేళ్లలో కదలిక ఉంది! చూశాను. కానీ వాడదు — వాడే అవసరం బాపు రానిస్తేగా. ఆమె గ్లాసు వైపు చూస్తే చాలు, గ్లాసు పెదాల దగ్గరుంటుంది. ముద్దలు కలిపి పెడతాడు. జడ కూడా వేస్తాడు, వంకరగా. ఇంత ప్రేమ మీద కోప్పడాలంటే మనసొప్పదు. కానీ ఇలాగే ఒళ్లో పడి ఉంటే ఆ చెయ్యి పని మరిచిపోతుంది.

జూలై 11
చెప్పేశాను. "బాపూ, నువ్వు తినిపియ్యకు. ఆమెనే తిననియ్యి."
"ఇన్నేండ్లు గామెనే వెట్టింది బిడ్డా. గిప్పుడన్న నేను వెట్టద్దా?"
అయినా వరండాలోకి పంపించాను.

జూలై 12
పెద్ద తెలివిగలదాన్ని అనుకున్నాను… ఆమె పళ్లెం ముట్టలేదు. మధ్యాహ్నం దాకా పస్తు. బతిమాలితే చివరికి అంది — "ఆయన కూసోకుంటె నేనెట్ల తింట?"
ఇంట్లో ఎప్పుడూ ఇద్దరూ ఎదురెదురుగా కూచునే తింటారట. అడిగితే ముందే చెప్పేవాళ్లు.

జూలై 14
బాపును లోపలికి పిలిచాను. ఆమెకు ఎదురుగా కూచోబెట్టి, నిండా నీళ్లున్న చెంబు ఆయన రెండు చేతుల్లో పెట్టాను. "ఒలికితే నువ్వే తుడవాలె."
కమ్లి నవ్వింది, మూతి ఒకవైపే. కుడిచెయ్యి మెల్లగా పళ్లెం దాకా పోయింది. ముద్ద నోటి దాకా… సగం మెతుకులు ఒళ్లో. బాపు చూపంతా ఆ మెతుకుల మీదే. చెంబులో నీళ్లు ఒలికాయి, కానీ లేవలేదు. ఏమీ చెయ్యకుండా కూచోవడం ఇంత కష్టమని నాకిన్నాళ్లూ తెలియదు. నా మాట నమ్మి పడ్డాడు ఆ కష్టం. దండం పెట్టాలనిపించింది.

జూలై 15
ఈరోజు చెంబు తనే నింపుకొచ్చాడు.

జూలై 24
వేళ్ల వ్యాయామానికి పిసికించే రబ్బరు ముద్ద పక్కన పడేశాను. మా ఇంటి నుంచి జొన్నపిండి, ఫ్లాస్కులో వేడినీళ్లు. ఎడమచెయ్యి తిప్పుతుంది, కుడిచెయ్యి తట్టాలి.
"గీ పిండి పాతది" అని నాకే కమ్లి చీవాట్లు! రొట్టె అంచంతా పగిలింది. అయినా వంటగదిలో కాల్చి, ఆయా దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా తలా ఒక ముక్క తిన్నాం. ఇలాంటి పని దొరికినందుకు నేనెంత అదృష్టవంతురాలినో.

ఆగస్టు 2
ఇంటికి పంపించాం. సంతోషమూ, భయమూ. తండాలో కొడుకులు, కోడళ్లు, అంత మంది చేతులు — ఒక్క చెంబు ఏం సరిపోతుంది? గేటు దగ్గర బాపు — "యాదిల వెట్టుకుంట బిడ్డా."

ఆగస్టు 9
సాయంత్రం బాపు ఫోను. "పొయ్యి ముట్టిచ్చింది బిడ్డా. ఇను." స్పీకర్ పెట్టి కింద ఉంచాడు.
టప్… టప్… కాస్త ఆగి, టప్. కళ్లలో నీళ్లు. సిగ్గెందుకు, కాగితానికే కదా చెబుతున్నాను.
అంతలో చప్పుడు ఆగింది.
"గామె చెయ్యి జారింది బిడ్డా… నేను జర…"
"లేవకు బాపూ. చెంబేది?"
"చేతులనే ఉన్నది."
వింటూ కూచున్నాం, నేనిక్కడ, ఆయనక్కడ. పొయ్యి చిటపట ఒక్కటే. సిగ్నల్ పోయింది.
మళ్లీ మళ్లీ చేస్తున్నాను, కలవడం లేదు. లేచాడో, లేదో…